హంబర్ ఇంజనీర్లు ఫోక్స్‌వాగన్‌ను నట్టు నట్టూ విప్పి చూశాక కూడా ఎందుకలా రాశారు?

ఫ్లైవీల్ అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. మెకానికల్ ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతున్నాను. పోటీ కంపెనీ బండిని కొనో, సంపాదించో, విప్పి పరీక్షించే పని గురించి సెమినార్ ఇవ్వాలి. దానికోసం వెతుకుతుంటే హంబర్ కథ దొరికింది.

నాకు తెలిసినంతవరకు సంగతి ఇది. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ సైన్యం వాడిన క్యూబెల్‌వాగన్ ఒకటి బ్రిటిష్ వాళ్ల చేతికి చిక్కింది. అది ఫోక్స్‌వాగన్ కారుకి సైనిక రూపం. దాన్ని 1943లో రూట్స్ అనే బ్రిటిష్ కార్ల గ్రూపులోని హంబర్ కంపెనీ ఇంజనీర్లకు అప్పగించారు. యుద్ధం అయ్యాక మామూలు కారును కూడా పరీక్షించారు. ఆ వివరాలన్నీ కలిపి 1947లో బ్రిటిష్ ప్రభుత్వ నిఘా ఉపసంఘం 998వ నంబరు నివేదికగా అచ్చు వేసింది. అందులో హంబర్ వాళ్లు తేల్చింది ఏమిటంటే, కొన్ని చిన్న చిన్న వివరాలు తప్పిస్తే ఈ డిజైన్‌లో ప్రత్యేకమైన ప్రతిభ ఏమీ కనిపించలేదని, బ్రిటిష్ పరిశ్రమ కాపీ చేయదగ్గ మేలు రకం ఆధునిక డిజైన్‌గా దీన్ని లెక్కించనక్కర్లేదని.

తర్వాత బీటిల్‌గా పేరొందిన అదే కారు 2003 దాకా తయారై 2 కోట్ల 15 లక్షలు దాటింది. 1972 ఫిబ్రవరిలో ఫోర్డ్ మోడల్ టీ రికార్డునే దాటేసింది. రూట్స్ గ్రూపు మాత్రం 1967కల్లా క్రైస్లర్ చేతుల్లోకి వెళ్లిపోయింది.

నా సందేహం సూటిగా ఇదీ: వాళ్లు అనుభవం ఉన్న ఇంజనీర్లు. బండి వాళ్ల ముందే ఉంది. ప్రతి భాగాన్నీ కొలిచారు. అయినా ఇంత పెద్ద పొరపాటు ఎలా జరిగింది? ఇలా అయితే విప్పి చూడటం వల్ల లాభం ఏముంది?

---

రేడియేటర్ మూత:

ఇందులో పెద్ద రహస్యం ఏమీ లేదండీ. యుద్ధం గెలుస్తున్న దేశం, శత్రువు బండి. దాన్ని మెచ్చుకుంటూ రాయడానికి ఎవరికి చేయి వస్తుంది? పైగా రూట్స్ వాళ్లకి అమ్ముకోవడానికి హిల్‌మన్ మింక్స్ అనే సొంత కారు ఉంది. పోటీవాడి సరుకు బాగుందని ఎవరు రాస్తారు?

అమెరికన్ యుద్ధశాఖ 1945లో జర్మన్ సైన్యం మీద వేసిన కరదీపిక చూడండి. ఫోక్స్‌వాగన్ జీపుతో పోలిస్తే అన్ని విధాలా తక్కువేననీ, సీట్లలో కూర్చునే సుఖం ఒక్కటే మెరుగనీ అందులో ఉంది. నాలుగు చక్రాలూ లాగే 60 హార్స్‌పవర్ జీపును, వెనక చక్రాలు మాత్రమే లాగే 25 హార్స్‌పవర్ బండితో పోల్చి తేల్చేశారు. గెలిచినవాళ్ల అహం తప్ప ఇంకేం కాదు.

---

పాత పానా:

పందొమ్మిదేళ్లు నేను చేసిన పని ఇదే. ఒక కార్ల కంపెనీలో పోటీ బళ్లను తెచ్చి విప్పే విభాగం. నూనె కారిపోయేదాకా ఆగడం, ప్రతి బోల్టు విప్పేటప్పుడు ఎంత బిగువుతో వదిలిందో రాసుకోవడం, ప్రతి ముక్కనీ తూచడం, చీటీ కట్టి బోర్డు మీద వేలాడదీయడం. అందుకని కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

రేడియేటర్ మూత గారితో నేను ఏకీభవించను. అహం ఉండి ఉండొచ్చు, మనుషులే కదా. కానీ అహంతో ఈ సంగతి మొత్తం తేలదు. అహం లేకపోయినా, నిజాయితీగా కొలిచినా, ఇదే పొరపాటు చేయొచ్చు. నేను చేశాను, కింద చెప్తాను.

ముందు ఆ వాక్యాన్ని మళ్లీ చదవండి ఫ్లైవీల్ గారూ. మీరు బాగానే రాశారు గానీ అందులో ఒక మాట మీద ఆగలేదు. "కాపీ చేయదగ్గ." ఈ కారు అమ్ముడుపోతుందా అని వాళ్లు తేల్చలేదు. ఈ కారు జర్మనీకి పనికొస్తుందా అనీ తేల్చలేదు. ఇందులో మనం తీసుకోవాల్సింది ఏమైనా ఉందా అన్నదానికి జవాబు రాశారు. కోవెంట్రీలో కూర్చున్న హంబర్ దృష్టిలో ఆ ప్రశ్నకి జవాబు "లేదు" అనే వస్తుంది. అది తప్పు జవాబని నేను అనను. వాళ్ల ఫౌండ్రీలు పోత ఇనుము పోసేవి. ఫోక్స్‌వాగన్ క్రాంక్‌కేసు, అంటే ఇంజను బయటి పెట్టె, మెగ్నీషియం మిశ్రమం. వాళ్ల ఇంజను ముందు ఉంటుంది, నీళ్లతో చల్లబడుతుంది. ఇది వెనక ఉంటుంది, గాలితో చల్లబడుతుంది. సగం తీసుకుంటే రెండూ చెడతాయి. మొత్తం తీసుకోవాలంటే ఫ్యాక్టరీనే మళ్లీ కట్టుకోవాలి.

అడిగిన ప్రశ్నకి సరైన జవాబే వచ్చింది. ప్రశ్నే చిన్నది.

ఇప్పుడు అసలు విషయం. కొలతలు ఒకటే అయినా వాటిని చదివే కన్ను ఒక చోట తయారవుతుంది. బ్రిటిష్ ఇంజనీరు కన్ను ఎక్కడ తయారైందో చూడాలంటే వాళ్ల రోడ్డు పన్ను చూడాలి. 1921 నుంచి అక్కడ కారు మీద పన్ను హార్స్‌పవర్‌కి ఒక పౌండు చొప్పున. ఆ హార్స్‌పవర్ ఇంజను నిజంగా ఇచ్చే శక్తి కాదు, కాగితం మీద లెక్క. సిలిండర్ వ్యాసాన్ని అంగుళాల్లో తీసుకుని, వర్గం చేసి, సిలిండర్ల సంఖ్యతో గుణించి, 2.5తో భాగించాలి. అంతే. పిస్టన్ ఎంత దూరం కదులుతుందన్నది ఆ లెక్కలో లేనే లేదు. రేటు తర్వాత మారింది గానీ లెక్క మాత్రం యుద్ధం అయ్యేదాకా అలాగే ఉంది.

అలాంటి లెక్క ఉన్న దేశంలో ఇంజను ఎలా పెరుగుతుంది? సన్నగా, పొడుగ్గా పెరుగుతుంది. హిల్‌మన్ మింక్స్ సిలిండర్ వ్యాసం 63 మి.మీ., స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 95. మొత్తం 1185 సి.సి. పన్ను లెక్కలో 10 హార్స్‌పవర్‌లోపు. ఫోక్స్‌వాగన్ యుద్ధకాలపు పెద్ద ఇంజను వ్యాసం 75, స్ట్రోకు 64. మొత్తం 1131 సి.సి., అంటే మింక్స్ కన్నా చిన్నదే. కానీ అదే పన్ను లెక్కలో దాదాపు 14 హార్స్‌పవర్. చిన్న ఇంజనుకి ఎక్కువ పన్ను! ఆ లెక్క కింద ఇరవై ఏళ్లకు పైగా పనిచేసిన మనిషికి ఆ సిలిండర్‌ను చూడగానే ఏమనిపిస్తుంది? ఇలా చేయకూడదు కదా అనిపిస్తుంది. ఆయన చేతికి కట్టిన తాడు ఆయనకి కనిపించదు, చిన్నప్పటి నుంచీ ఉన్నది కనక.

ఇక శక్తి. మింక్స్ ఇంజను సుమారు 35 హార్స్‌పవర్ ఇస్తుంది, ఫోక్స్‌వాగన్ 25. సైజులో పెద్ద తేడా లేదు. పైగా మింక్స్‌వి పక్క వాల్వులు, ఫోక్స్‌వాగన్‌వి పై వాల్వులు. పై వాల్వులు పెట్టుకుని కూడా ఇంత తక్కువ శక్తి తీశారంటే, పరీక్ష బెంచి దగ్గర ఉన్న ఎవరైనా పెదవి విరుస్తారు. నేనైనా విరిచేవాణ్ణే.

కానీ ఈ కారుని డిజైన్ చేసిన ఫెర్డినాండ్ పోర్షేకి 1934లో జర్మనీలో ఇచ్చిన షరతులు గుర్తు తెచ్చుకోండి. ధర వెయ్యి మార్కుల లోపు, నలుగురైదుగురు కూర్చోవాలి, కొత్తగా వేస్తున్న ఆటోబాన్ హైవే మీద గంటకి 100 కిలోమీటర్లతో ఆగకుండా పోవాలి. ఆగకుండా అన్నదే కీలకం. సాధారణంగా కారు గరిష్ఠ వేగం వేరు, రోజంతా నడపగల వేగం వేరు. పోర్షే ఆ రెండిటినీ ఒకటి చేశాడు. అందుకే ఇంజనుకి ఊపిరి తక్కువ ఇచ్చాడు, నిమిషానికి 3300 తిప్పుల దగ్గర శక్తి ఆగిపోయేలా కట్టాడు. డ్రైవరు కాలు తీయకుండా తొక్కి పట్టినా ఇంజను తనని తాను పాడుచేసుకోలేదు.

దీన్ని అంకెల్లో చూడాలంటే పిస్టన్ వేగం లెక్క వేయండి. 3300 తిప్పుల దగ్గర 64 మి.మీ. స్ట్రోకుకి సగటు పిస్టన్ వేగం సెకనుకి 7 మీటర్లు. అవే తిప్పుల దగ్గర 95 మి.మీ. స్ట్రోకుకి దాదాపు 10.5 మీటర్లు. అరుగుదల, నూనె పొర మీద ఒత్తిడి, రింగుల ఆయుష్షు అన్నీ ఈ అంకెతో ముడిపడి ఉంటాయి. 25 హార్స్‌పవర్ అన్నది చేతకాక వచ్చిన అంకె కాదు, కావాలని ఆపిన అంకె. అయితే బల్ల మీద పరిచిన ముక్కల్లో "కావాలని" అనేది ఎక్కడా కనిపించదు. కొలిచే కాలిపర్‌కి అది అందదు.

ఇప్పుడు నా సంగతి. ఒకసారి ఒక పోటీ కంపెనీ చిన్న కారు గేర్‌బాక్సు విప్పాం. దాని కేసింగ్ మా దానికన్నా 900 గ్రాములు బరువు. లోపల ఒక పక్కంతా పక్కటెముకల్లా అడ్డ పట్టీలు. బలం లెక్క వేసి చూశాను. ఆ పట్టీలు లేకపోయినా కేసింగ్ నిలబడుతుంది. "అనవసరపు లోహం, మనం నేర్చుకోవాల్సింది లేదు" అని నివేదికలో రాసి సంతకం పెట్టాను. రెండేళ్ల తర్వాత మా కొత్త గేర్‌బాక్సు పల్చటి కేసింగ్‌తో తయారైంది. మూడో గేరులో ఒక వేగం దగ్గర సన్నగా ఈల వేసినట్టు చప్పుడు. నెలల తరబడి గేరు పళ్లు మార్చాం, బేరింగులు మార్చాం. చివరికి మా శబ్దాల విభాగంలో ఒకావిడ కేసింగ్ గోడ వణుకుతోందని పట్టుకుంది. గోడకి పట్టీలు వేశాం, చప్పుడు పోయింది. ఆ పట్టీలు ఎక్కడ వేశామో చూశాక నేను వెళ్లి నా పాత నివేదిక తీసి ఫొటోలు చూసుకున్నాను. అదే చోటు.

నా తూకం తప్పు కాదు. బలం లెక్కా తప్పు కాదు. ఆ లోహం దేనికోసం ఉందో నేను అడగలేదు. బలం కోసమే ఉండి ఉంటుందని అనుకుని, బలానికి అక్కర్లేదని తేల్చాను. ఆ రోజు నుంచి మా పట్టికలో బరువు, కొలత, లోహం, ధర పక్కన ఇంకో గడి చేర్చాను: "వీళ్లకి ఇది ఎందుకు అవసరమైంది?" జవాబు తెలియకపోతే గడి ఖాళీగా ఉంచాలి గానీ "అనవసరం" అని రాయకూడదు. నా దగ్గర పనిచేసిన పిల్లలందరికీ ఈ ఒక్క విషయంలో నేను మొండివాణ్ణి.

హంబర్ నివేదిక గురించి తలుచుకున్నప్పుడల్లా నాకు ఆ 900 గ్రాములు గుర్తొస్తాయి. అందుకే వాళ్లని ఎగతాళి చేయడం నా వల్ల కాదు.

ఇంకో మాట, చేతికొచ్చిన నమూనా గురించి. పట్టుబడ్డ క్యూబెల్‌వాగన్ యుద్ధంలో తిరిగిన బండి. ఇక యుద్ధం తర్వాతి కార్లు ఎలా తయారయ్యాయో చూడండి. వోల్ఫ్స్‌బర్గ్‌లోని ఫోక్స్‌వాగన్ ఫ్యాక్టరీ మీద బాంబులు పడ్డాయి. 1945 ఆగస్టులో బ్రిటిష్ సైన్యపు మేజర్ ఐవన్ హర్స్ట్ అక్కడికి వచ్చి, ఆక్రమణ సైన్యం కోసం 20,000 కార్ల ఆర్డరుతో పని మొదలుపెట్టించాడు. కార్బ్యురేటర్లు దొరక్కపోతే పెద్ద భాగాన్ని ఫ్యాక్టరీలోనే పోత పోసి, లోపలి చిన్న భాగాలను బ్రౌన్‌ష్వైగ్‌లోని ఒక కెమెరాల కంపెనీ చేత చేయించారు. ఇనుప రేకు ఉంటే ఇంకోటి ఉండదు. అలాంటి రోజుల్లో బయటికొచ్చిన కారుని విప్పి నాణ్యత గురించి తీర్పు చెప్తే, ఆ తీర్పు సగం డిజైన్ మీద, సగం ఆ ఏడాది కరువు మీద పడుతుంది. రెండిటినీ విడదీయడం చాలా కష్టం. మా దగ్గరికి వచ్చే బళ్లలో కూడా తొలి నెలల్లో తయారైనదైతే నేను ఇంకోటి కొనమని పోరు పెట్టేవాణ్ణి.

---

ఫ్లైవీల్:

పాత పానా సార్, చాలా కృతజ్ఞతలు. పన్ను లెక్క నేనూ వేసి చూశాను: 75 మి.మీ. అంటే 2.95 అంగుళాలు, వర్గం 8.7, నాలుగుతో గుణించి 2.5తో భాగిస్తే 13.95. మింక్స్‌కి 9.84. నాకు ఈ విషయం ఏ పుస్తకంలోనూ తగల్లేదు.

రెండు సందేహాలు. ఒకటి, అంటే ఆ కారులో లోపాలే లేవంటారా? రెండు, 1943లో మీరే అక్కడ ఉంటే ఏం రాసేవారు?

---

ధరల లెక్క:

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. నాది ఖర్చు అంచనాల పని కాబట్టి ఇంకో ఉదాహరణ చేరుస్తాను. ఫ్లైవీల్ సెమినార్‌కి పనికొస్తుంది.

1959లో బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ మినీ విడుదల చేసింది. పన్నుతో కలిపి ధర 500 పౌండ్లకి కొంచెం తక్కువ. ఫోర్డ్ బ్రిటన్ వాళ్లకి ఆ ధర ఎలా సాధ్యమో అర్థం కాలేదు. ఒకటి కొని, వెల్డింగుల దాకా విప్పి, ప్రతి ముక్కకీ ధర కట్టారు. తేలింది ఏమిటంటే, ఆ ధరకి అమ్మితే ప్రతి మినీ మీదా సుమారు 30 పౌండ్ల నష్టం. ఇంజను అడ్డంగా పెట్టడం, గేర్‌బాక్సుని దాని కిందే నూనె పళ్లెంలో పెట్టడం ఎంత గొప్ప ఆలోచనలో వాళ్లూ చూశారు. అయినా ఆ దారిలో వెళ్లలేదు. మామూలు డిజైన్‌తో, ప్రతి పెన్నీ లెక్క పెట్టుకుని 1962లో కోర్టినా తెచ్చారు. ముందు చక్రాలు లాగే చిన్న కారు ఫోర్డ్ నుంచి బ్రిటన్ రోడ్ల మీదికి రావడానికి 1977లో ఫియెస్టా దాకా ఆగాల్సి వచ్చింది.

మినీ 53 లక్షలకు పైగా తయారైంది. పేరుకి పేరు, ప్రేమకి ప్రేమ. కానీ దాన్ని తయారు చేసిన కంపెనీ దాని మీద బాగుపడలేదు. ఇక్కడ విప్పి చూసినవాళ్లే సరిగ్గా చెప్పారు. ఎందుకంటే వాళ్లు "కాపీ చేయాలా" అని మొదలుపెట్టలేదు, "వాళ్లకి దీనికి ఎంత పడుతోంది" అని మొదలుపెట్టారు. పాత పానా గారు చెప్పిన ప్రశ్న సంగతి ఇదే కదా.

---

పాత పానా:

ధరల లెక్క గారూ, చక్కటి ఉదాహరణ. ఫోర్డ్ వాళ్ల పనిలో నాకు బాగా నచ్చేది ఇంకొకటి ఉంది. తమ కారు ధరతో పోల్చి ఊరుకోకుండా, అవతలివాడి ఫ్యాక్టరీలో నిలబడి లెక్క వేశారు. హంబర్ వాళ్లు పన్నుల విషయంలో చేయలేకపోయింది అదే.

ఫ్లైవీల్ గారి మొదటి సందేహం. లోపాలు లేకపోవడమా! బోలెడు. గేర్‌బాక్సులో సింక్రోమెష్ లేదు, గేరు మార్చిన ప్రతిసారీ డ్రైవరు చెవితో ఇంజను వేగం కలుపుకోవాలి. బ్రేకులు తీగలతో లాగేవి. వెనక ఇరుసు మధ్యలో మాత్రమే కీలు ఉన్న రకం. మూలమలుపులో గట్టిగా తిప్పితే వెనక చక్రాలు కిందికి ముడుచుకుని బండి లేచి పట్టు వదులుతుంది. ఇంజను మోత సరేసరి. పెట్రోలు ముల్లు కూడా ఉండేది కాదు. పెట్రోలు అయిపోతే కాలితో ఒక మీట తిప్పి అడుగున మిగిలిన నాలుగు చుక్కలు వాడుకోవాలి. వీటిలో ఏ ఒక్కటి ఎత్తి చూపినా ఆ ఇంజనీరు సరిగ్గా చూసినట్టే.

మరి ఆ తర్వాత ఏం జరిగింది? 1948 జనవరిలో ఫ్యాక్టరీ పగ్గాలు అందుకున్న హైన్రిష్ నార్డ్‌హాఫ్ ఓపెల్‌లో పనిచేసి వచ్చినవాడు. అంటే ఆయన కూడా పోటీ కంపెనీ కన్నుతోనే ఆ కారుని మొదట చూశాడు. ఆకారం మార్చకుండా లోపాలను ఒక్కొక్కటిగా తీసేసుకుంటూ పోయాడు. ఎగుమతి కార్లకి 1950లో నూనెతో పనిచేసే బ్రేకులు వచ్చాయి. 1952లో పై మూడు గేర్లకి సింక్రోమెష్. పెట్రోలు ముల్లు 1961 దాకా రాలేదు, అది నాకు ఇప్పటికీ మింగుడుపడదు. వెనక ఇరుసు సంగతి ఇంకా ఆలస్యం, అమెరికా వెళ్లే మామూలు గేర్ల కార్లకి ఆయన పోయాక 1969 మోడళ్లలో గానీ దాన్ని మార్చలేదు.

మార్చినవన్నీ ఒక పక్క రాసి, మార్చనివి ఇంకో పక్క రాయండి. గాలితో చల్లబడే ఇంజను వెనకే ఉంది. మధ్యలో వెన్నెముక, దానికి అటూ ఇటూ పళ్లెంలా నేల, అలాగే ఉంది. విప్పి చూసినవాళ్లు లోపాలుగా ఎంచగలిగినవి కంపెనీయే తీసేసింది, వాళ్లకి వింతగా కనిపించినవి మిగిలాయి. మన పనిలో ఇదొక కొలత అని నేను అనుకుంటాను, నా పాత నివేదికల్ని ఇలా పెట్టి చూసుకున్నాను కూడా. తప్పులు పట్టడంలో నాకు మంచి మార్కులే వచ్చాయి. వింతలను అర్థం చేసుకోవడంలో రాలేదు.

ఒక సంగతి వినండి, దీన్ని తక్కువమంది గమనిస్తారు. అదే రూట్స్ గ్రూపు 1963లో ఇంజను వెనక పెట్టిన చిన్న కారు తెచ్చింది. హిల్‌మన్ ఇంప్. అల్యూమినియం ఇంజను, 875 సి.సి., నీళ్లతో చల్లబడేది. స్కాట్లాండ్‌లోని లిన్‌వుడ్‌లో దానికోసం కొత్త ఫ్యాక్టరీ కట్టారు. వెనక చక్రాలకి ఫోక్స్‌వాగన్ ఇరుసు పెట్టలేదు, చక్రం అంతగా ముడుచుకోకుండా పట్టే ఏటవాలు చేతుల సస్పెన్షన్ పెట్టారు. తర్వాత ఫోక్స్‌వాగన్ అమెరికా మోడళ్లకి మారింది కూడా ఆ రకానికే. ఆ కంపెనీ ఇంజనీర్లకి మలుపులో ఆ ఇరుసు ఏం చేస్తుందో బాగా తెలుసని దీన్నిబట్టే చెప్పొచ్చు. తర్వాత వాళ్లని దెబ్బ తీసిన కారణాలు వేరే, అది ఇంకో చర్చ అవుతుంది.

రెండో సందేహం, 1943లో నేనుంటే ఏం రాసేవాణ్ణని. నిజం చెప్పాలంటే నేనూ హంబర్ వాళ్లలాగే రాసి ఉండేవాణ్ణి. అదే పన్ను కింద పెరిగి ఉంటాను కనక. అయితే ఏం చేయాల్సింది అని అడిగితే చెప్పగలను. పానా పట్టుకునే ముందు ఆ ఇంజన్ని బెంచి మీద బిగించి, యాక్సిలరేటరు పూర్తిగా తెరిచి, అలా పగలూ రాత్రీ వదిలేయాల్సింది. మన మింక్స్ ఇంజన్ని పక్క బెంచి మీద అలాగే వదిలేయాల్సింది. అప్పుడు రెండూ విప్పి బేరింగులు, రింగులు చూడాలి. విప్పడం ఎప్పుడూ రెండో పని. బండి ఏ పనికోసం పుట్టిందో ఆ పని దాని చేత చేయించడం మొదటి పని. క్యూబెల్‌వాగన్ అయితే, నడిచే సైనికుడి పక్కన గంటకి 4 కిలోమీటర్లతో పోగలిగేలా, చక్రాల దగ్గర అదనపు గేర్లు పెట్టి కట్టిన బండి. దాన్ని అంత నెమ్మదిగా ఇసకలో గంటల తరబడి నడిపితే గాలితో చల్లబడే ఇంజను విలువ తెలుస్తుంది. బల్ల మీద పెడితే అది చప్పుడు చేసే ఫ్యాను మాత్రమే.

విప్పి చూడటం వల్ల లాభం ఏమిటని మొదట్లో అడిగారు కదా. దానికి నాకు ఎప్పుడూ గుర్తొచ్చే మనిషి హెన్రీ రాయ్స్, రోల్స్-రాయ్స్ పేరులోని రాయ్స్. మాంచెస్టర్‌లో కుక్ స్ట్రీట్‌లో కరెంటు క్రేన్లు, డైనమోలు చేసుకునేవాడు. ఒక పాత ఫ్రెంచి డెకోవిల్ కారు కొన్నాడు. రెండు సిలిండర్లు, 10 హార్స్‌పవర్, ఆ రోజుల్లో మంచి పేరున్న బండే. దాన్ని నడిపాడు, అది ఎక్కడెక్కడ విసిగిస్తోందో తన ఒంటికి తెలిసింది. అప్పుడు విప్పాడు. మూల డిజైన్‌ను మార్చలేదు. తన కారుకి కూడా ముందు రెండు సిలిండర్లే, వెనక ఇరుసుకి షాఫ్టే. కానీ ప్రతి భాగాన్నీ ఇది ఎందుకు ఇలా ఉంది, దీన్ని ఎలా మెరుగు చేయొచ్చు అని అడుగుతూ తన చేత్తో మళ్లీ కట్టాడు. కరెంటు పని తెలిసినవాడు కనక నిప్పురవ్వ విషయంలో అవతలివాళ్లకన్నా దూరం చూడగలిగాడు. 1904 ఏప్రిల్ 1న ఆ కారు రోడ్డెక్కింది. మే 4న మిడ్‌లాండ్ హోటల్‌లో చార్లెస్ రోల్స్ ఆయన్ని కలిశాడు. దాని చప్పుడు లేనితనమే రోల్స్‌ని పట్టేసింది. డెకోవిల్ కాపీ చేయదగ్గదా అని నివేదిక రాయమంటే రాయ్స్ ఏం రాసేవాడో గానీ, ఆయన ఆ ప్రశ్న వేసుకోలేదు.

సెమినార్‌కి ఒక సలహా, వింటానంటే. ఫోక్స్‌వాగన్ బొమ్మలు, అమ్మకాల అంకెలు మొదటి స్లైడులో పెట్టొద్దు. అందరికీ తెలిసినవే. రెండు సిలిండర్లు సరైన కొలతతో పక్కపక్కన గీయండి. ఒకటి 63 వెడల్పు, 95 ఎత్తు. ఇంకోటి 75 వెడల్పు, 64 ఎత్తు. పేర్లు రాయకండి. ఈ రెండిట్లో ఏది మంచి డిజైన్ అని క్లాసుని అడిగి, చేతులు ఎత్తించి లెక్కపెట్టండి. ఆ తర్వాత పన్ను లెక్క చూపించండి.